తువ్వాల కింద చిట్టీ పాట

కొంచెం ఇటు జరిగి, గోడకు ఆనుకుని కూర్చోండి. చెప్పేది చిట్టీల ముచ్చటే గానీ లెక్కల పాఠం కాదు, భయపడకండి.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులు. కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్లమంతా బీడీలు చేసేవాళ్లం. పగలు పోలీసు జీపులు తిరిగేవి. పొద్దుగూకితే నక్సలైటు అన్నలు వస్తారని తలుపులు పడేవి. ఆ కాలంలోనే నేను చిట్టీ నడిపాను. నా చదువు రెండో తరగతి దగ్గరే ఆగింది గానీ, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో నోటి మీద ఉండేది.

చిట్టీ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇరవై చిట్టీలు, నెలకు ఒక్కోదానికి వంద. మొత్తం రెండు వేలు జమవుతాయి. ఆ నెల అవి కావాలనుకున్నవాళ్లు పాట పాడాలి. ‘నేను వంద వదులుకుంటా’ అని ఒకరంటే ‘నేను రెండొందలు’ అని ఇంకొకరు. ఎక్కువ వదులుకున్నవాళ్లకే చిట్టీ. ఆ వదిలిన డబ్బు అందరం పంచుకుంటాం. తొందరపడితే నష్టం, ఓపిక పడితే లాభం. ఇంతే సంగతి.

ఆ ఏడు ఓపిక ఎవరి దగ్గరా లేకపోయింది. ‘కాలం మంచిగ లేదు, ఆఖరుదాక చిట్టీ నడుస్తదో లేదో’ అని ఎవరో అన్నారు. బీడీలు చుట్టే తునికాకు కట్టలతో పాటు ఆ మాట కూడా ఇంటింటికీ పోయింది. దానికి తోడు మా వాడలో భూదవ్వ, గంగవ్వ అని ఇద్దరు తోటికోడళ్లు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. గంగవ్వ ఒక చిట్టీ వేసిందని భూదవ్వ రెండు వేసింది.

ఒక నెల పాటలో భూదవ్వ మూడొందలంటే గంగవ్వ నాలుగంది. ‘గామెకు ఇడిసిపెడ్తనా? ఐదు!’ ‘ఆరు!’ ‘ఏడు!’ ఏడొందలు వదులుకుని భూదవ్వ పదమూడొందలు కొంగున కట్టుకుపోయింది. ఆ అరుపులకు రోడ్డు మీద జీపు ఆగింది. “ఏందే గీ లొల్లి? గింతమంది ఎందుకు జమైండ్రు? మళ్ల గిట్ల వినవడితే ఊకోం” అని బెదిరించి పోయారు.

నాలుగు రోజులకు భూదవ్వ కనబడితే అడిగాను.

“పైసలతోని ఏం కొన్నవే?”

“ఏం కొనలే. బియ్యం గుమ్మిల దాసిన.”

“మరి ఏడొందలు ఎందుకు పోగొట్టుకున్నవ్?”

“రేపు నువ్వు పారిపోతే మొత్తమే పోవా?”

“నా ఇల్లు గీడనే, నా బర్రె గీడనే. ఏడికి పారిపోత?”

“ఏమో, బర్రెను తోలుకొని పోతవేమో!”

నవ్వొచ్చింది గానీ, మనిషి మనసు ఎట్లా పనిచేస్తుందో అప్పుడే చూశాను. చేతిలోంచి పోయిన ఏడొందలు ఆమెకు నష్టంగా కనబడలేదు. పోతాయేమో అనుకున్న రెండు వేలే కొండంత కనబడ్డాయి.

మరుసటి నెల పాటకు ముందు లచ్చవ్వ వచ్చింది. ఆమె ఇక్కడ బీడీలు చేస్తుంది, మొగుడు సిరిసిల్లలో సాంచాల మీద కూలీ. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. పండుగకో పబ్బానికో తప్ప ఇద్దరూ ఒకచోట ఉండింది లేదు.

“అక్కా, సేటు పాత సాంచా అమ్ముతున్నడు. సోమవారందాక పదిహేనొందలు బయానా ఇయ్యకుంటె వేరెటోల్లకు ఇస్తడట. అది మాదైతే నేను గూడ ఆడికే పోయి నూలు కండెలు చుట్టుకుంట. గీ చిట్టీ నాకు రావాలె.”

అంటే రెండు వేలలో లచ్చవ్వ ఐదొందలకు మించి వదులుకునే వీలు లేదు. తోటికోడళ్లు నోరు విప్పితే ఐదొందల దగ్గర ఆగుతారా?

గంగవ్వ దగ్గరికి పోయి, ఈ నెల ఊరుకొమ్మని బతిమాలాను. “భూదవ్వ ఊకుంటె నేనూ ఊకుంట” అంది. భూదవ్వ దగ్గరికి పోతే “ముందుగాల గంగవ్వను ఊకొమ్మను” అంది. ఇంటికొచ్చి తల పట్టుకున్నాను.

మా ఆయన జగిత్యాల అంగడిలో ఎడ్ల బేరాలు చేసేవాడు. అన్నం తింటూ అంతా విన్నాడు.

“గట్ల ఒర్రుతే మా అంగడిల ఒక్క ఎద్దు అమ్ముడువోదు. చేతుల మీద తువ్వాల కప్పి, వేళ్లు పట్టుకొని బేరం చేస్తం. పక్కోనికి రేటు తెల్వది, గందుకే వానికి రోషం రాదు” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరాక ఆయన తువ్వాలే నా చేతి మీద కప్పుకున్నాను. ఒక వేలు అంటే వంద. ఒక్కొక్కరూ వచ్చి, తువ్వాల కింద నా చేతిలో తమ వేళ్లు పెట్టాలి. నోరు విప్పొద్దు. లొల్లి ఉండదు, జీపు ఆగదు.

“నువ్వు కింద ఏం మాయ చేస్తవో మాకేం ఎరుక?” అని గంగవ్వ లేచింది.

“గెలిచిన పాట ఎంతో అందరి ముంగట చెప్త. నీది గంతకన్న ఎక్కువుంటే వచ్చి నా సిగ పట్టుకో.”

“పట్టుకుంటనే మరి!”

ముందు గంగవ్వే వచ్చింది. భూదవ్వ ముఖం చూసింది, ఏమీ తెలియలేదు. రెండు వేళ్లు పెట్టింది. భూదవ్వ మూడు పెట్టి, కాసేపు ఆలోచించి, ఒకటి వెనక్కి తీసుకుంది. వినేవాళ్లు లేకపోతే ఆ డబ్బు మీద ఇద్దరికీ ఉన్న మోజు అంతే! మిగతావాళ్లూ ఒకటీ రెండూ దాటలేదు. అప్పుడే జీపు వచ్చింది. జవాను తొంగి చూసి “ఏం చేస్తున్నరే, గాజులేసుకుంటున్నరా?” అన్నాడు. “అవు సారూ” అన్నాను. జీపు పోయింది.

చివరికి లచ్చవ్వ. చెమట పట్టిన అరచేయి మొత్తం నా చేతిలో పెట్టింది. ఐదు వేళ్లూ చాపింది.

“ఐదొందలు. లచ్చవ్వకు” అన్నాను.

భూదవ్వ ఎగిరిపడింది. “ఐదా? గా ముచ్చట ముందుగాల చెప్తే నేను ఆరు ఇద్దును!”

“గందుకే చెప్పలే.”

వాకిలంతా నవ్వులు. గంగవ్వ కూడా నవ్వింది. లచ్చవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తెల్లారి మొదటి బస్సుకే సిరిసిల్ల పోయింది.

చిట్టీ ఆఖరుదాకా ఆగకుండా నడిచింది. ఓపిక పట్టినవాళ్లే ఎక్కువ తీసుకున్నారు. తర్వాత వేములవాడ రాజన్న మొక్కుకు పోయినప్పుడు మేం సిరిసిల్ల దాకా కూడా పోయాం. సాంచా టకటకమంటోంది. మొగుడు దాని ముందు, లచ్చవ్వ కండెల దగ్గర. ఆ చప్పుడులో ఆమె ఏదో చెప్పింది, నాకు వినబడలేదు. చేతులు ఊపుకుంటూ నవ్వుకున్నాం.

ఆ పాట నాకు నేర్పింది ఒకటే. డబ్బు విషయంలో మనం నలుగురినీ చూసి భయపడతాం, నలుగురి కోసం పంతం పడతాం. ఎవరూ చూడనప్పుడు మన చేయి ఎన్ని వేళ్లు చాపుతుందో, అదే మన అసలు అవసరం.

మీ ఇంటి గుమ్మి నిండుగా ఉండాలి. అందులో దాచింది బియ్యమే కావాలి. ఇంటిల్లిపాదీ ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకు తినేటట్టు ఆ రాజన్న మిమ్మల్ని చల్లగా చూడాలి.