తుప్పు నేనే గీకాను

సిటీ బస్సులో ఇరవై ఏడేళ్లు కండక్టరుగా చేశాను. అన్నేళ్లూ బండి నడిపింది వేరొకరు. నేను వెనక నిలబడి "రైట్ రైట్" అనేదాన్ని. రిటైరైన నెలలోనే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకున్నాను. కారు కొనే స్తోమత మాత్రం లేదు. లైసెన్సు బీరువాలో పడి ఉంది.

ఒకరోజు పొద్దున ఎల్బీ నగర్‌లో మా కాలనీ పక్క వీధిలో నడుస్తున్నాను. అపార్ట్‌మెంటు కట్టడానికి ఒక పాత ఇల్లు కూలగొడుతున్నారు. ఆ ఇంటి ముందు ఏళ్లుగా టార్పాలిన్ కింద ఉన్న పాతకాలపు పద్మిని కారును ఇద్దరు మనుషులు ట్రాలీ ఆటోకి తాడుతో కడుతున్నారు. ఇంటాయన గేటు దగ్గరే ఉన్నాడు.

"అన్నా, గీ కారు ఏం చేస్తున్నరు?" అని అడిగాను.

"తుక్కుల ఏస్తున్నమమ్మా. ఎలకలు గూళ్లు పెట్టినయ్ అండ్ల."

"జర ఆగుండ్రి. వాళ్లిచ్చే పైసలే నేనిస్త. కాయితాలున్నయా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, లోపలికి వెళ్లి ఆర్సీ తెచ్చాడు. అదే ట్రాలీ ఆటో కారును మా ఇంటికి బదులు మన్సూరాబాద్ దారిలో ఉన్న ఒక షెడ్డుకు లాక్కెళ్లింది. ఇంటికి తీసుకెళ్లే ధైర్యం నాకప్పుడు లేదు.

షెడ్డు నడిపే మెకానిక్ గుంటూరు వైపు మనిషి. అరవై దాటాయి. ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్లయినా ఆయన మాట మారలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు తలుపు తెరిచి, కింద పరిచిన మ్యాటు ఎత్తాడు. డ్రైవరు కాళ్లు పెట్టే చోట తుప్పు తిన్న కంతలోంచి కింద నేల కనిపించింది.

"ఇది అయ్యే పని కాదమ్మా. ఇంజిన్ పట్టేసింది. అడుగంతా తుప్పు. కూలీలే మీరు మోయలేనంత అవుతాయండీ."

"ఏ కూలీ ఎక్కువైతది?"

"తుప్పు గీకడమేనమ్మా. మంచి ఇనుము తగిలేదాకా గీకాలి. రోజుల తరబడి పని."

"అయితే గీకుడు నాది. మీరు వెల్డింగ్ చెయ్యుండ్రి."

ఆయన నవ్వలేదు. చేతులు పాడవుతాయని మాత్రం అన్నాడు. మరునాడు నేను పాత డ్రెస్సు వేసుకుని, గీకుడు బద్ద, వైరు బ్రష్షు కొనుక్కుని వెళ్లాను.

ఆ రాత్రి ఇంట్లో చెప్పక తప్పలేదు. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న పుస్తకాల షాపు ఉంది. ఆయనకు సైకిలు తప్ప మరేదీ నడపడం రాదు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇన్నేండ్లు బస్సుల తిరిగింది సాల్లేదా?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా చేతులు చూసి కొబ్బరినూనె డబ్బా తెచ్చి ముందు పెట్టాడు.

తుప్పు గీకడం అంటే ఏమిటో అంతకుముందు తెలియదు. పొరలు పొరలుగా ఊడి ఎర్రటి పొడి ముక్కుల్లోకి, జుట్టులోకి పోతుంది. రోజంతా గీకితే జానెడు చోట తెల్లటి ఇనుము బయటపడేది. అది కనిపించగానే మళ్లీ ఉత్సాహం వచ్చేది. అడుగు పూర్తయ్యేసరికి నెలన్నర పట్టింది. మెకానిక్ వేలితో అంతటా తడిమి, "ఇంత శుభ్రంగా మా మనుషులు గీకరు" అన్నాడు. ఆయన ఒకరిని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

కొత్త రేకు వెల్డింగ్ అయింది. ఇంజిన్ సంగతి ఆయనే చూశాడు. ప్లగ్గులు తీసి లోపల నూనె పోసి, వారం రోజులు ముట్టుకోవద్దన్నాడు. ఎనిమిదో రోజు పెద్ద పానా పట్టి తిప్పితే కదిలింది. ఆ తర్వాత మొత్తం విప్పి బాగుచేశాడు. తలుపు ఒకటి మరో పాత బండి నుంచి దొరికింది. ఆటో సీట్లు కుట్టే అతను సీట్లు కుట్టాడు. రంగు నేను ఎంచుకున్నాను, మీగడ రంగు. ఖర్చు తగ్గించుకోవడానికి చేయగలిగిన పనులన్నీ అడిగి నేర్చుకుని చేశాను. హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా నేనే బిగించాను.

అదే నన్ను ముంచింది. పాత బండి కాబట్టి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఆర్టీఓ ఆఫీసుకు తనిఖీకి తీసుకెళ్లాలి. అధికారి బండిని ఏటవాలు మీద ఆపి హ్యాండ్ బ్రేకు వేయమన్నాడు. వేశాను. కారు మెల్లగా వెనక్కి జారింది.

"బ్రేక్ పడ్తలేదమ్మా. మంచిగ చేయించుకొని మళ్ల తీస్కరాండ్రి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా సిగ్గుతో చెవులు మండిపోయాయి. షెడ్డుకొచ్చాక మెకానిక్ పానా అందుకోబోయాడు.

"వద్దు. పాడు చేసింది నేను. నేనే చేస్త."

"సరేనండీ. నేను ఇక్కడే ఉంటా. అడిగితే చెబుతా, లేకపోతే లేదు."

కారు కింద దూరి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. కేబుల్ బిగువుగానే ఉంది. వెనక చక్రం విప్పి చూస్తే, లోపలి బ్రేకు లైనర్లు చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు అందకుండా ఎడంగా ఉన్నాయి. ముందు వాటిని సరిచేసి, ఆ తర్వాత కేబుల్ బిగించాలి. నేను రెండోది మాత్రమే చేశాను. రెండు చక్రాలూ సరిచేసేసరికి మధ్యాహ్నం దాటింది. మన్సూరాబాద్ ఏటవాలులో కారు ఆపి బ్రేకు వేసి, దిగి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. కదలలేదు. మెకానిక్ ముందుకెళ్లి బానెట్ మీద చేతులాన్చి బలంగా వెనక్కి తోశాడు. అప్పుడూ కదలలేదు.

రెండోసారి తనిఖీకి ఆయనా వచ్చాడు. అదే అధికారి, అదే ఏటవాలు. కారు బండలా ఆగింది.

"ఎవలు చేసిన్రు పని?" అన్నాడు అధికారి మెకానిక్ వైపు చూస్తూ.

"నేను కాదండీ. బ్రేకులు అమ్మగారే చేశారు. అడుగు తుప్పంతా ఆవిడే గీకారు."

అధికారి వంగి కారు అడుగు చూసి, కాగితం మీద సంతకం పెట్టాడు. నేను ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే ఎల్బీ నగర్ దగ్గర ఒక సిటీ బస్సు నా వెనక హారన్ మీద హారన్ కొట్టింది. పచ్చ సిగ్నల్ పడేదాకా నేను తొందరపడలేదు. అద్దంలో నా ముఖం చూసుకుంటే నవ్వుతూ ఉంది.

ఇంటి ముందు మా ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. వాటిని తొక్కించి, కొత్తపేట రైతు బజారుకు పోదామన్నాను. ఆయన ఎక్కి, దారి పొడవునా తలుపు పిడి వదల్లేదు.

నేను కూరగాయలు కొని వచ్చేసరికి ఒక పెద్దమనిషి కారు మీద చెయ్యి వేసి, "ఎక్కడ కొన్నరు గీ బండిని? మంచిగున్నది" అని మా ఆయన్ని అడుగుతున్నాడు.

"కొన్నది కాదు," అన్నాడు మా ఆయన. "మా ఆమె తయారు చేసింది. అడుగంత తనే గీకింది. బ్రేకులు తనే ఏసింది. ఇంజిన్ గిట్ల తనే ఇప్పింది."

ఇంజిన్ విప్పింది మెకానిక్. నేను సంచీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఒక్కసారికి ఆయన మాట సరిదిద్దలేదు.