చర్చి పక్కని వంపు

ఎర్జ్ కొండల మీద తొలిమంచు రాలేసరికి, లోథార్ ఇంటి అటక మీద మరొక లోకానికి దీపాలు వెలిగేవి. జేబురుమాలంత చెరువు, అగ్గిపెట్టెలంత ఇళ్లు, వాటి నడుమ వేలెడు వెడల్పు పట్టాలు, వాటి మీద బొమ్మరైళ్లు. కుట్టుపని మానుకున్న ఆ దర్జీకి అదే ఊరు, అదే కల.

ఆ ఏడు అన్న ఎగోన్ పోయాడు. అతడు ఇత్తడిని మలిచి స్వయంగా చేసిన పొడవాటి ఇంజనును వదిన ఇర్మ్‌గార్ట్ శాలువాలో చుట్టి తెచ్చి, మరిది చేతుల్లో పెట్టింది.

"క్రిస్మస్ ముందు తొలి కొవ్వొత్తి వెలిగించే ఆదివారం, ఇది ఒక్క చుట్టన్నా తిరగాలి లోథార్. నేను చూడాలి."

ఇంజను చెరువు దాటింది. చర్చి పక్కని వంపులో నడిమి చక్రం పట్టా మీదికెక్కి, పక్కకు ఒరిగింది. ఎన్నిసార్లు నడిపినా అక్కడే.

పొరుగింటి వోల్‌ఫ్రామ్ కళ్లజోడు సవరించుకున్నాడు. "నడిమి చక్రాల అంచులు ఆకురాయితో కాస్త రాచెయ్యవయ్యా. మా బొమ్మరైళ్ల సంఘంలో అందరం చేసేదే."

"మా అన్న చేతి చక్రాలయ్యా అవి!"

"అయితే వంపు పీకు. చర్చి, పల్లె అన్నీ లేపెయ్. ఇన్నేళ్లు కట్టిందంతా నా బట్టతలలా మిగులుతుంది."

లోథార్ పట్టాల మీదికి వంగాడు. కళ్లు మూసుకొని, గుడ్డ మీది కుట్టును తడిమినట్లు పట్టా వెంట వేలు జరిపాడు. తిన్నని దారి వంపుగా మారే చోట వేలు తడబడింది. "చర్చికి చోటు కావాలని పట్టాలను ఇరికించావురా" అని ఎగోన్ ఏనాడో అన్నాడు. పొట్టి బండ్లు ఆ ఇరుకును ఓర్చుకున్నాయి. ఈ పొడవాటిది ఓర్చుకోలేదు.

అతడు ఆకురాయిని సొరుగులో పెట్టేసి, కత్తి అందుకున్నాడు. పల్లె మొత్తం అట్టపెట్టెలోకి చేరింది. కొత్త పట్టాలను ఎక్కడా బిగువు లేకుండా, లంగా అంచును జారవిడిచినట్లు, విశాలంగా వంచాడు.

ఆదివారం వదిన ష్టోలెన్ రొట్టె పళ్లెంతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేమిటి, పల్లె ఏదీ? భూకంపం గాని వచ్చిందా?"

"కూర్చో ఇర్మ్‌గార్ట్. పట్టాల మీద ముక్కలు రాల్చకు."

ఇంజను దీపం చెరువులో పచ్చని గీత గీసింది. వట్టి చెక్క మీది కొత్త వంపులో, నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా ఇంజను చప్పుడు లేకుండా తిరిగి, ముందుకు సాగిపోయింది.

ఆమె చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"మళ్లీ తిప్పు. ఈసారి చర్చిని కాస్త అవతలగా కట్టు."