మరుగుజ్జుల భాషకు మాటలు రాశాను

హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. తాము తీస్తున్న ఫాంటసీ సిరీస్‌లో మరుగుజ్జుల రాజ్యం ఒకటి ఉందట. ఆ రాజ్యానికి ఒక భాష కావాలట. దానికి మాటలు నేను పుట్టించాలట. నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. ఈ ఊళ్లో తెలుగు చెప్పేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. వాళ్లందరినీ వదిలి నన్నే ఎందుకు పట్టుకున్నాడో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. క్లాసులో నేను నిలబడితే బల్ల మీదుగా నా ముఖం మాత్రమే కనిపిస్తుంది.

"మీరైతే ఆథెంటిక్‌గా ఉంటుంది మేడమ్," అన్నాడు. పొట్టివాళ్లకు పుట్టుకతోనే ఏదో భాష వస్తుందని, తలుపులు మూసుకుని మేమంతా అదే మాట్లాడుకుంటామని అతని నమ్మకం కాబోలు. మా అమ్మా నాన్నా అన్నా అందరూ మామూలు ఎత్తే. ఆ ఇంట్లో పొట్టిదాన్ని నేనొక్కదాన్నే. ఆ భాష ఎవరితో మాట్లాడాలి, గోడతోనా?

అయినా ఒప్పుకున్నాను. పొట్టివాళ్ల మీద ఉన్న మాటలన్నీ ఇన్నాళ్లూ పొడుగువాళ్లే పెట్టారు. ఒక్కసారి ఆ పని నా చేతికి వస్తే ఎందుకు వదులుకుంటాను?

మరుసటి వారం అతను ల్యాప్‌టాప్ సంకనేసుకుని కాలేజీకే వచ్చాడు. అప్పటికే వాళ్లు తయారుచేసిన మాటలు కొన్ని చూపించాడు. అన్నీ ఖ, ఘ, ఢలే. పొట్టివాళ్లకు పుట్టుకతోనే గొంతులో చేపముల్లు దిగబడి ఉంటుందని ఎవరు చెప్పారో. గొడ్డలికి ఓ పిడికెడు మాటలు, గడ్డానికి ఇంకో పిడికెడు, బంగారానికి లెక్కే లేదు. వదినకు లేదు, మేనత్తకు లేదు, పాలవాడికి లేదు. ఆ రాజ్యంలో అందరూ గడ్డాలు దువ్వుకుంటూ గొడ్డళ్లు నూరుకుంటూ కూర్చుంటే పిల్లలు ఎట్లా పుడుతున్నారని అడిగాను. అబ్బాయి సిగ్గుపడి, అది వేరే టీమ్ చూసుకుంటుందన్నాడు.

"భూమి కిందే ఎందుకుంటారు వీళ్లు?" అని అడిగాను.

"గనులు తవ్వుతారు కదా మేడమ్. చిన్నగా ఉంటారు కాబట్టి."

బొగ్గుబావిలో పనిచేసే మా మేనమామ కొడుకు తలవంచకుండా మా ఇంటి గుమ్మం దాటలేడు. ఆ సంగతి చెప్తే అబ్బాయి నవ్వాడు గానీ ఏమీ రాసుకోలేదు.

సరే, నా మాటలు నేను రాశాను. బ్యాంకు కౌంటర్ ముందు నిలబడితే మనిషి కనబడక, గొంతు ఒక్కటే అవతలికి చేరుతుందే, దానికో మాట. అడగకుండా తల నిమిరే చేతికి ఒకటి. బతుకమ్మ నాడు గుంపులో ముఖానికి తగిలే మోచేతులకు ఒకటి. చెప్పుల దుకాణంలో పిల్లల సెక్షన్‌కు పంపించి, అడుగేస్తే లైట్లు వెలిగే జోడును ఓ లెక్చరర్‌కు అంటగట్టే సేల్స్‌మన్‌కు ఒక మాట. ఆ మాట కాస్త ఘాటుగానే పుట్టించాను. వదినలకూ మేనత్తలకూ కూడా పెట్టాను. అబ్బాయి అన్నీ చదివి "వావ్ మేడమ్, డెప్త్!" అన్నాడు. అర్థం కానిదాన్నల్లా డెప్త్ అనడం అతని చదువు.

పేచీ ఒక్క మాట దగ్గర వచ్చింది. మరుగుజ్జులు తమను తాము ఏమని పిలుచుకుంటారు? వాళ్ల కాగితాల్లో అప్పటికే ఉంది, 'ఘుడుక్' అని. అర్థం ఎదురుగా రాసి ఉంది: సగం మనిషి.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. "ఏ జాతైనా తన పేరు పక్కవాడి ఎత్తు చూసి పెట్టుకుంటుందా నాయనా?" అన్నాను. నా మొదటి ఉద్యోగం ఏటూరునాగారంలో. అక్కడి కోయ పిల్లలు తమ భాషలో తమను పిలుచుకునే మాటకు మనుషులనే అర్థం. బయటివాళ్లు ఎన్ని పేర్లైనా పెట్టనీ, లోపలివాళ్లకు తాము మనుషులే. ఆ లెక్కన నేనొక మాట కట్టాను, 'తొల్వె' అని. తొల్వె అంటే మనుషులు. పొడుగువాళ్లకు ఏ పేరు పెట్టుకుంటారో వాళ్లిష్టం, కానీ ఈ ఒక్క మాట మార్చడానికి వీల్లేదని చెప్పాను.

అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ ఊరు నాకు మర్యాదైన పిలుపు ఊరికే ఇవ్వలేదు. హనుమకొండ చౌరస్తా ఆటో స్టాండులో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నన్ను చంకల కింద పట్టుకుని ఎత్తి సీట్లో కూర్చోబెట్టేవాళ్లు. అడిగేది లేదు, చెప్పేది లేదు. "ఏయ్ బుడ్డీ, జర జరుగు" అనేవాళ్లు, నా దగ్గర చదువుకున్న పిల్లల ముందే. ఒకరోజు ఒకాయన ఎత్తబోతే రోడ్డు మీదే అరిచాను. "చెయ్యి తియ్! నేనేమన్న బియ్యం సంచినా?" అన్నాను. ఎత్తొద్దు, ఏకవచనం వద్దు, బుడ్డి అసలే వద్దు. ఏళ్ల తరబడి కొట్లాడాను. నోరున్నదని పేరు పడింది, పడనీ. చివరికి స్టాండు మొత్తం నన్ను టీచరమ్మా అనడం నేర్చుకుంది. ఆనాడు నా చేత తిట్లు తిన్న పెద్దాయనే ఇప్పుడు నన్ను చూడగానే ఆటో ఫుట్‌పాత్ అంచుకు ఆనించి ఆపుతాడు, నా అంతట నేనే ఎక్కడానికి వీలుగా. ఆ పిలుపు నా ఆస్తి.

అబ్బాయి తలూపాడు. "ఫిక్స్ మేడమ్. తొల్వె. లాక్." ఇంకేం కావాలని అడిగితే, తెర మీద నా పేరు పడాలన్నాను. భాష పుట్టించినవాళ్ల పేరు లేకుండా భాష ఎట్లా వస్తుంది? దానికీ తలూపాడు. అతని మెడకు అదొక్కటే పని.

షూటింగ్ ఫోటోలు పంపితే చూశాను. మరుగుజ్జులంతా కండలు తిరిగిన ఆజానుబాహులు. కంప్యూటర్‌లో తర్వాత చిన్నగా చేస్తారట. "పొట్టివాళ్లు ఎవరూ దొరకలేదా?" అని అడిగితే, "మార్కెట్ ఉండదు మేడమ్" అన్నాడు. మా ఎత్తుకు మార్కెట్ ఉంది, మాకే లేదన్నమాట.

సిరీస్ వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే మరుగుజ్జుల రాజు గుహలోంచి బయటికొచ్చి, రొమ్ము చరుచుకుని, గుహ దద్దరిల్లేలా అరిచాడు. "మేము ఘుడుక్‌లం!"

టీవీ ఆపి ఫోన్ చేశాను. "పైనుంచి చెప్పారు మేడమ్," అన్నాడు అబ్బాయి. "తొల్వెలో పంచ్ లేదన్నారు. మిగతావన్నీ మీవే. అదొక్కటే ఫైల్ మొత్తంలో ఒక్క నొక్కుతో మార్చేశారు." నేను తిట్టిన తిట్లు ఏ భాషలోనివో అతనికి తెలియకపోయినా అర్థమయ్యే ఉంటాయి. చివరికి, పేరు మాత్రం వేశాం కదా మేడమ్ అన్నాడు. నిజమే, వేశారు. మరుగుజ్జుల భాష అని, కింద నా పేరు, పెద్ద అక్షరాల్లో.

పది రోజులు గడవలేదు. సాయంత్రం కాలేజీ వదిలాక చౌరస్తాకు వచ్చాను. స్టాండులో కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్లు ముగ్గురు నలుగురున్నారు. ఒకడు రొమ్ము చరుచుకుని "ఘుడుక్!" అన్నాడు. మిగతావాళ్లు విరగబడి నవ్వారు. ఇంకొకడు ఆటో ముందుకు తెచ్చి, "ఎక్కుతవా ఘుడుక్?" అని చెయ్యి చాపాడు, ఎత్తడానికి.

నా గొంతు లేచింది. అంత పెద్దగా నేను ఆ స్టాండులో మళ్లీ అరవాల్సి వస్తుందని అనుకోలేదు. కుర్రాడు బెదిరిపోయాడు గానీ, తప్పు చేసిన ముఖం మాత్రం పెట్టలేదు.

"గట్ల కోపానికొస్తవేంది మేడం? మేమేమన్న మా సొంతంగ అన్నమా? నువ్వే రాసినవట గదా గా మాటలన్ని. టీవీల నీ పేరే పడ్డది. మీరు మిమ్ముల్ని ఏమని పిల్సుకుంటరో గదే అన్నం."

పెద్దాయన వాణ్ణి పక్కకు నెట్టి తన ఆటో ఫుట్‌పాత్‌కు ఆనించాడు. ఎక్కాను. ఆటో ఆసుపత్రి మలుపు దాటింది. పెద్దాయన అద్దంలోంచి నన్ను చూస్తూ మెల్లగా అడిగాడు.

"నిజంగ మీరే పెట్టిన్రా టీచరమ్మా గా పేరు?"

"నేను మనుషులని రాసిన. వాళ్లు కొట్టేసిన్రు."

"మరి గా పోరగాండ్లకు గదే చెప్పకపోతిరి?"

ఎంతమందికని చెప్పను? ఈ స్టాండులో చెప్తే బస్టాండులో మిగులుతారు, బస్టాండులో చెప్తే క్లాసులో మిగులుతారు. నేనూ మనిషినేనని కనబడ్డ ప్రతివాడికీ విడివిడిగా చెప్పుకుంటూ తిరగడానికి నాకు ఓపిక లేదు. ఓపిక ఉన్నా చెప్పను. అది చెప్పుకోవలసిన మాట కాదు.