పులిహోరలో పళ్ళసెట్టు

ఆమోసుగారు జీవితంలో ఒక్క కథ కూడా పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు.

గవర్నర్‌పేటలో మా లేడీ డాక్టరుగారి నర్సింగ్‌హోములో ఆయన ల్యాబు చూసేవారు. నా పేరు అమలమ్మ, అక్కడే నర్సుని. తీసిన రక్తం గాజుగొట్టంలో పోసి, గుప్పిట్లో వెచ్చగా పట్టుకుని, వంచి వంచి చూస్తూ ఏదో కథ ఎత్తుకునేవారు. రక్తం జారడం మానేసిందా, కథా ఆగిపోయేది. "గడ్డకట్టిందండీ" అని లేచిపోయేవారు. కథలో దొంగ గోడ మీదే ఉండిపోయేవాడు.

చేతిలో గొట్టం లేకపోయినా అదే వరస. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే, "దయ్యం నా మంచమ్మీద కూర్చుని ఏమందంటే..." అని, వచ్చి తన చోట్లో కూర్చున్నారు. పాస్టరుగారి భార్యకి ఆ వారమంతా నిద్ర లేదు.

డెబ్బై నాలుగులో మంగళగిరి నేతగాళ్ళ కోడలు సుబ్బరత్నం చేరింది. ఒంట్లో రక్తం ఊరికే గడ్డలు కట్టే జబ్బు. అప్పటికే రెండు కాన్పులు పోయాయి. ఈసారి బిడ్డ దక్కాలంటే రక్తం పల్చబడే ఇంజెక్షన్లు చెయ్యాలి. మందు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తం ఆగదు. అందుకని రోజూ పరీక్ష. ఆ పిల్లకేమో సూదంటే హడలు. చేరిన మర్నాడే సంచీ సర్దేసింది.

"పోదువుగానమ్మా. మా ఊరి కరణంగారింట్లో పెళ్ళికి, వాళ్ళ తాతగారి పళ్ళసెట్టు పులిహోర గుండిగలో పడింది, తెలుసా?" అన్నారు ఆమోసుగారు, చెయ్యి పుచ్చుకుంటూ.

"అయ్యో! ఎవరి ఇస్తట్లోకొచ్చిందండీ?"

"వంటాయన గరిటె ముంచాడు. ముంచి... గడ్డకట్టిందండీ!"

సంచీ మళ్ళీ మంచం కిందికి పోయింది.

నెలలు గడిచాయి. పులిహోర మాత్రం వడ్డన కాలేదు. నాకు ఒళ్ళు మండి, వరండాలో నిలదీశాను. "ఆ పళ్ళేవో ఎవరికి తగిలాయో చెప్పేస్తే మీ సొమ్మేం పోయిందండీ?"

"చెప్పేస్తే రేపు చెయ్యిస్తుందా అమ్మా?" అన్నారు మెల్లిగా. ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒకరోజు కథ ఆగలేదు. విస్తళ్ళు వేశారు, వియ్యపురాలు అలిగింది, పెళ్ళికొడుకు బావమరిది బావిలో పడ్డాడు. గొట్టంలో రక్తం ఇంకా నీళ్ళలా జారుతూనే ఉంది. మందెక్కువైందని నాకర్థమైపోయింది. ఆయన గొంతు వణకలేదు.

"అప్పుడా వంటాయన, 'అమలమ్మా, డాక్టరుగార్ని పిలు!' అని కేకేశాడు."

"పెళ్ళింట్లో కూడా అమలమ్మగారేనా!" అని సుబ్బరత్నం పగలబడి నవ్వింది. నేను పరిగెత్తాను. డాక్టరుగారు ఆ పూట ఇంజెక్షను ఆపించి, మందు తగ్గించారు. గండం గడిచింది. గండం ఒకటి వచ్చినట్టు సుబ్బరత్నానికి తెలియనే తెలియదు.

మగపిల్లాడు పుట్టాడు. ఇంటికెళ్ళే రోజున ల్యాబు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడన్నా చెప్పండి బాబూ, ఆ పళ్ళు ఎవరికొచ్చాయి?"

ఆమోసుగారు పిల్లాడి బోసినోటికేసి చూశారు. "వీడికి పళ్ళొచ్చాక తీసుకురామ్మా, చెబుతాను."

తీసుకొచ్చింది. ఆయన వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. తాతగారి పళ్ళు గుండిగలో పడే చోటికి రాగానే వాడు ఆయన వేలు కొరికేశాడు. కథ అక్కడే ఆగింది.