ఒక్క అంగుళం పెద్ద టైరు

ఆ దినాల్లో మా సిద్దిపేటలో ఒకరికి కారుంటే ఊళ్లో సగంమంది దాన్ని తమదే అనుకునేవారు. పెళ్లికొడుకు ఊరేగాలన్నా, రోగి పట్నం పోవాలన్నా వకీలు సాబు గుమ్మం ముందే నిలబడేవారు. ఆయన దగ్గర నేను కొత్తగా గుమాస్తాగా చేరాను. ఇరవై ఏళ్ల వయసు, మెట్రిక్ పాసు, పెదవి మీద సన్నటి మీసం. వీటన్నిటికన్నా నాకు గర్వం ఇంగ్లీషు అంకెలు గడగడా చదవగలగడం. (మీసాన్ని మా అవ్వ తప్ప ఎవరూ గమనించలేదు.)

అప్పుడే మా బాపుకు కడుపులో గడ్డ ముదిరింది. దవాఖానలో డాక్టరు నొక్కి చూసి, "నాలుగు దినాలల్ల పట్నం తీస్కపోయి ఆపరేషన్ చేపియ్యాలె. పండవెట్టే తీస్కపోన్రి, కూసోవెట్టిన్రంటే తొవ్వలనే పగులుతది" అన్నాడు. బొగ్గుతో నడిచే మా బస్సులో నిలబడటానికే జాగ ఉండేది కాదు. వకీలు సాబు వెంటనే కారు ఇస్తానన్నాడు. కానీ ఆ కారు నెల రోజులుగా మూడు చక్రాల మీదే నిలబడి ఉంది. నాలుగో చక్రం టైరు చీలిపోయింది, స్టెప్నీ అంతకు ముందే పోయింది. యుద్ధం మూలంగా టైరు కావాలంటే సర్కారు పర్మిటు కావాలి, ఒక పర్మిటుకు ఒక్క టైరే ఇస్తారు. ఆ పర్మిటు మొన్ననే వచ్చింది. "రేపే బస్సెక్కి టైరు పట్కరా. మీ బాపును పరుపు మీద పండవెట్టి తోలిస్త" అన్నాడు వకీలు సాబు.

కారు నడిపే డ్రైవర్ చిచ్చాకు ఉర్దూ అంకెలే తెలుసు. అందుకని పాత టైరు మీది బురద తుడిచి, 5.25–17 అని నేనే కాగితం మీద రాసుకున్నాను. చిచ్చా నా పక్కన గొంతుక్కూర్చుని, "బేటా, అండ్ల రెండు లెక్కలుంటయ్. ఒకటి లావుది, ఇంకోటి..." అని మొదలుపెట్టాడు. నేను లేచి చేతులు దులుపుకున్నాను. "చిచ్చా, నేను మెట్రిక్ పాసైన. టైరు కొనుడు గూడ నాకు నేర్పుతవా?" అన్నాను. ఆయన నవ్వి, బీడీ ముట్టించుకుని, "సరే సాబ్" అన్నాడు. అంతవరకు బేటా అన్న మనిషి సాబ్ అన్నాడంటే మర్యాద పెరిగిందనుకున్నాను.

పట్నంలో దుకాణదారు కాగితం చూసి పెదవి విరిచాడు. "సత్రా ఖతం. మూడు రోజులాగితే వస్తది" అన్నాడు. పదిహేడు లేదట! మూడు రోజులు ఆగితే బాపు గతేమిటి? నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, రెండు టైర్లు దొర్లించుకొచ్చి ముందు పెట్టాడు. ఒకదాని మీద 5.50–17, రెండోదాని మీద 5.25–18. "ఏ బండికో నాకేం ఎరుక, నువ్వే చూసుకో" అన్నాడు. ముందున్న అంకె కలిసింది గనుక రెండోదే మనదని క్షణంలో తేల్చేశాను. పదిహేడుకు పద్దెనిమిది ఒక్క అంగుళమేగా పెద్ద! మా ఇంట్లో నా ఒంటికి సరిపోయే అంగీ ఏనాడూ కుట్టించలేదు. "జర పెద్దగనే కుట్టు, పోరడు ఎదుగుతడు" అనేవాడు బాపు దర్జీతో. చెప్పులు కొన్నా రెండేళ్లు ముందుచూపుతో కొని, ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కేవాడు. చిన్నది కొంటే నష్టం, పెద్దది కొంటే లాభమని మా అందరి నమ్మకం. పర్మిటు ఇచ్చేసి టైరు తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున వకీలు సాబు వాకిట్లో చిచ్చా ఆ టైరును చక్రానికి ఎక్కించాడు. ఎక్కించడమేమిటి, అదే ఎక్కి, అదే దిగింది. పసిపిల్ల చేతికి పెద్దదాని గాజు తొడిగినట్టు గిరగిరా తిరిగింది. చిచ్చా నావైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "ముందుగల్లది లావు బేటా. అది జర ఎక్కువైనా నడుస్తది. ఎనకది లోపలి గుండ్రం, చక్రం కూసునే జాగ. అది ఈంచు ఎక్కువ గాదు, ఈంచు తక్కువ గాదు." నేను వదిలిన ఆ మొదటి టైరు సరిపోయేదన్నమాట. "లోపల గోనెపట్టాలు కుక్కితే?" అన్నాను. (నిజంగానే అన్నాను.) పాపం, ఆయన అదీ చేసి చూశాడు. గాలి కొట్టేసరికి ట్యూబు పక్కనుంచి ఉబ్బి బయటికొచ్చి ఢామ్మని పేలింది. వకీలు సాబు ఎడ్లబండి మాట్లాడమని మనిషిని పంపాడు. తిడితే బాగుండేది. మళ్లీ పట్నం పోయి రావడానికి బాపు దగ్గర రోజులు లేవు.

ఎడ్లబండిలో గడ్డి పరిచి బాపును పండబెట్టి బయలుదేరాం. అవ్వ తలాపున కూర్చుంది, నేను బండి వెనక నడిచాను. మధ్యాహ్నం బాపు నన్ను దగ్గరికి పిలిచి, "టైరెందుకు సరిపోలేదురా?" అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, అంగీ సంగతీ చెప్పాను. "ఫికర్ చెయ్యకు కొడుకా, కారు ఎదిగినంక సరిపోతది" అని కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పెడితే ఇంకా నవ్వు. "నన్ను నవ్వియ్యకున్రే" అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. మర్నాడు, సగం దారిలోని ప్రజ్ఞాపూర్ ఇంకా రెండు కోసులుందనగా, బాపు పోయాడు.

కారులో పోయినా బతికేవాడని చెప్పలేమని డాక్టరు తర్వాత అన్నాడు. ఆ మాట కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మను. ఆ తర్వాత లారీల దగ్గరే ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. ప్రతి టైరు ముందూ గొంతుక్కూర్చుని, వేలుపెట్టి రెండు అంకెలూ రెండుసార్లు చదివేవాణ్ని. కుర్ర డ్రైవర్లు వెనక నవ్వుకునేవారు, నవ్వుకోనిచ్చాను.

ఆ మెట్రిక్ పాసు మీసంవాడు ఇప్పుడు ఎదురుపడితే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. కానీ పట్నం నుంచి వచ్చే బస్సులో వాడు ఆ టైరును కింద పెట్టనీయలేదు. ఎవరి కాలూ తగలకుండా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి, ప్రతి గుంతకూ దాన్ని గుండెకు హత్తుకుంటూ వచ్చాడు. బాపు బతికినట్టేనని దారిపొడవునా తనలో తాను నవ్వుకున్నాడు. అంత సంతోషం వాడికి మళ్లీ ఎన్నడూ కలగలేదు. అది తలుచుకుంటే వాడి మీద నా చెయ్యి లేవదు.