సువార్త ఆటలో కనిపించని మూల

2018 వానాకాలం. హుజూర్‌నగర్ సర్కారు దవాఖానలో కంటి గది నాది. నేను డాక్టర్‌ను కాదు, ఆఫ్తాల్మిక్ ఆఫీసర్‌ను. చూపు కొలిచి అద్దాలు రాసివ్వడం, కంటి లోపలి ప్రెషర్ చూడడం, మా దగ్గర కుదరని కేసుల్ని హైదరాబాద్‌కు పంపడం నా పని. అప్పటికే స్మార్ట్‌ఫోన్ ఇంటింటికీ వచ్చేసింది. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో సగంమంది వైద్యం కోసం కాదు, వాళ్లను నా చేత తిట్టించడానికి వచ్చేవాళ్లు.

దేవదానం కూడా అందుకే వచ్చాడు. మేళ్లచెరువు దగ్గర పల్లె, సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే కాంట్రాక్టు కూలీ. వెంట కూతురు సువార్త, డిగ్రీ రెండో సంవత్సరం.

“మేడం, జర మీరన్న చెప్పుండ్రి. చిన్నప్పటి సంది టీవీ ముంగట కూసొని గేములాడి కండ్లు ఖరాబు చేసుకుంది. నడుస్తుంటే దర్వాజలకు తగుల్తాంది. అద్దాలు రాసి, గట్టిగ నాలుగు మాటలనుండ్రి” అన్నాడు.

సువార్త నేలవైపు చూస్తూ నిలబడింది. బోర్డు ముందు కూర్చోబెట్టి ఒక్కో కన్ను మూయించి చదివించాను. రెండు కళ్లతోనూ ఆఖరి వరుస వరకు ఎక్కడా తడబడకుండా చదివింది.

“అద్దాలు అక్కర్లేదు. చూపు బాగుంది” అన్నాను.

దేవదానం ముఖం చిన్నబోయింది. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. “నాగ్గూడ గదే సమజైతలేదు మేడం. సదువుడు మంచిగనే సదువుతున్న. ఆటలనే చచ్చిపోతున్న” అంది.

“ఏం ఆట?”

“మల్ల గేములేనా!” అని తండ్రి కసిరాడు. నేను ఆయన్ని ఆగమని చెప్పి ఆమె వైపు తిరిగాను.

సువార్త బడిలో ఉన్నప్పుడు చిన్నాయన టీవీకి తగిలించే గేమ్ డబ్బా ఒకటి కొనిచ్చాడట. దాంట్లో పసుపు క్యాసెట్ పెట్టాలి. పైన వందల ఆటలని రాసి ఉంటుంది, తీరా చూస్తే అవే కొన్ని ఆటలు పేర్లు మార్చుకుని వస్తుంటాయి. మిగతా పిల్లలు గెలిచి, విసుగొచ్చి వదిలేశారు. ఈమె వదల్లేదు. గెలవడం మానేసి బొమ్మల్ని చూడడం మొదలుపెట్టింది.

“అప్పట్ల ఆటలు చేసినోళ్ల దగ్గర రంగులు గూడ ఎక్కువ లేకుండె మేడం. ఒక మబ్బు గీసిండ్రు. గదే మబ్బుకు పచ్చరంగేసి కింద పెడితే పొదైంది. ఎన్నేండ్లు ఆడినా మావోళ్లు ఎవ్వలు పసిగట్టలే. నేను పట్టుకున్న!”

వచ్చినప్పుడు నేలచూపులు చూసిన పిల్ల, ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తను గీసిన బొమ్మలు. పాత ఆటల్లో లాగే అన్నీ చిన్న చిన్న చదరపు గళ్లు, పిక్సెల్స్ అంటారు, వాటితోనే కట్టినవి. వాళ్ల ఊరి సున్నపురాయి క్వారీ మెట్లు మెట్లుగా తెల్లగా దిగుతోంది, అడుగు నుంచి ఒక ఎర్ర లారీ ఎక్కుతోంది. సాయంత్రపు ఆకాశానికి మూడే రంగులు వాడింది. ఒక గడి విడిచి ఒక గడిలో రంగు పెట్టుకుంటూ పోతే దూరం నుంచి నాలుగో రంగు కనిపిస్తుందని చూపించింది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పోయి గేమ్ ఆర్ట్ నేర్చుకుంటానంది. ఆటలకు బొమ్మలు గీసే ఉద్యోగాలు ఉంటాయని ఆరోజే నాకు తెలిసింది.

ఇంటర్‌లో ఉండగా కళ్లు మాటిమాటికీ ఎర్రబడుతున్నాయని తండ్రి ఆ డబ్బాను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఫోన్‌లో బొమ్మలు చాటుగా గీసుకునేది, ఆట మాత్రం లేదు. ఈ ఎండాకాలం కొల్లాపూర్‌లో పెద్దమ్మ ఇంటికి పోతే అక్కడ అలాంటి డబ్బానే దొరికింది.

“గా ఆట మారదు మేడం. ఏ మూలకెల్లి ఏది వస్తదో కండ్లు మూసుకున్నా చెప్త. ఇప్పుడు ఎడమ దిక్కు కిందికెల్లి వచ్చేటిది నా మీద పడేదాక కనబడ్తలేదు. టీవీ ఖరాబైందనుకున్న. మా పెద్దమ్మ కొడుకును, అన్నను అడిగితే మంచిగనే కనబడ్తాందన్నడు.”

నేను కుర్చీ ఆమెకు ఎదురుగా లాక్కున్నాను. ఒక కన్ను మూసుకుని నా ముక్కునే చూడమని చెప్పి, పక్క నుంచి నా వేలిని మెల్లగా లోపలికి తెచ్చాను. దీన్ని కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ అంటారు. పక్కచూపు ఎంతవరకు ఉందో చూడడానికి ఏ మిషనూ అక్కర్లేదు. నాకు వేలు కనిపించాక చాలాసేపటి వరకు ఆమె “వచ్చింది” అనలేదు. ఎడమ కంటికైతే వేలు దాదాపు ముక్కు దగ్గరికి వచ్చింది.

కళ్లు మొద్దుబారే చుక్కలు వేసి ప్రెషర్ చూశాను. ఉండాల్సిన దానికి రెట్టింపు పైనే ఉంది. పందొమ్మిదేళ్ల పిల్లకు.

“కళ్లకు మందు ఏమైనా వేస్తున్నారా?” అని దేవదానాన్ని అడిగాను.

ఆయన చొక్కా జేబులోంచి చిన్న తెల్ల సీసా తీశాడు. “దుమ్ముకు దురద పెడ్తది మేడం. గిది ఏస్తనే తెల్లగైతయి. డ్యూటీకెల్లి వచ్చి రోజు నేనే ఏస్త. వాళ్లమ్మ ఏస్తే కండ్లు గట్టిగ మూసుకుంటది. నా చేతికైతేనే తెరుస్తది.”

“ఎవరు రాసిచ్చారు?”

“ఎవ్వలు రాయలే. ఏడో తరగతిల మెడికల్ షాపాయన ఇచ్చిండు. అప్పటి సంది గదే.”

అది స్టెరాయిడ్ చుక్కల మందు. దురద, ఎరుపు ఇట్టే తగ్గిపోతాయి. డాక్టర్ చెప్పినన్నాళ్లు వేసి ఆపేయాల్సిన మందు. ఏళ్ల తరబడి వేస్తే కొందరి కళ్లలో ప్రెషర్ పెరుగుతుంది. నొప్పి ఉండదు. కంటి నరం అంచుల నుంచి చచ్చుకుంటూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా మిగిలి ఉంటుంది కాబట్టి బోర్డు మీది అక్షరాలన్నీ చక్కగా కనిపిస్తాయి. దీన్నే గ్లకోమా అంటారు, నీటికాసులు.

ఇవన్నీ చెప్పి, ఆ చుక్కలు ఇక వేయవద్దన్నాను. దేవదానానికి ముందు అర్థం కాలేదు.

“అంటే గేములతోటి కాదా?”

“కాదు.”

“మరి దేంతోటి?”

నేను బల్ల మీది సీసా వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. ఆ తర్వాత చాలాసేపు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ నేను భయపడిందే చెప్పాడు. రెండు కళ్లకూ ఆపరేషన్ చేసి ప్రెషర్ దింపారు. మిగిలిన చూపును కాపాడగలం, పోయింది తేలేం అన్నారు. అక్కడ ఫీల్డ్ టెస్ట్ అని ఒకటి ఉంటుంది. గిన్నెలాంటి మిషన్‌లో ముఖం పెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. తిరిగొచ్చాక సువార్త దాని గురించి చెప్పింది. “బటన్ నొక్కుడు నాకు మంచిగనే వస్తది మేడం. చుక్కలే రాకపాయె. మిషన్ ఖరాబైందనుకున్న. చుక్కలు వస్తనే ఉన్నయి, నా కండ్లకే కనబడ్తలేవని ఆఖరికి చెప్పిండ్రు.”

నేను ఆ మెడికల్ షాపుకు పోయాను. “నేనియ్యకపోతే పక్కోడిస్తడు మేడం. జనమే ఆ మందడుగుతరు” అన్నాడు యజమాని. పైవాళ్లకు ఫిర్యాదు రాశాను. కొన్ని రోజులు షట్టర్ మూశారు. మళ్లీ తెరిచినప్పుడు పాత బోర్డు తీసి లైట్ల బోర్డు పెట్టారు.

సువార్త డిగ్రీ పూర్తి చేసి, పట్టుబట్టి హైదరాబాద్‌లో గేమ్ ఆర్ట్ నేర్పేచోట చేరింది. బొమ్మలు చూసి వాళ్లు మెచ్చుకునే చేర్చుకున్నారు. పని మొదలయ్యాకే కష్టమంతా. అక్కడ వెడల్పాటి రెండు స్క్రీన్ల మీద గీయాలి. మౌస్ బాణం ఎటు పోయిందో వెతుక్కోవడానికే ఆమెకు పూటంతా సరిపోయేది. రంగుల డబ్బా ఒక అంచున, బొమ్మ ఇంకో అంచున. టాలెంట్ ఉంది గానీ స్పీడ్ లేదన్నారు. కోర్సు సగంలో వచ్చేసింది. ఇప్పుడు హుజూర్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో జనానికి అప్లికేషన్లు నింపిపెడుతోంది.

పోయినేడాది ప్రెషర్ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, “బొమ్మలు గీస్తున్నావా?” అని అడిగాను.

“చిన్నయి గీస్త మేడం, నా చూపుల పట్టేటియి. క్వారీని చూస్తే లారీ కనబడది, లారీని చూస్తే క్వారీ కనబడది. రెండు ఒక్కసారి కావాల్నంటే దూరం జరగాలె. దూరం జరిగితే గళ్లు కనబడయి.” ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, పని సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి దేవదానం ఒక్కడే లోపలికి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు.

“మేడం, ఒక్క మాట. నేను ఆడనిస్తే ముందే తెలుస్తుండెనా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. లేదని చెప్పి పంపవచ్చు. కానీ ఆయన బస్సెక్కి వచ్చింది ఓదార్పు కోసం కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“తెలిసేదేమో. కొంత చూపు మిగిలేదేమో” అన్నాను.

ఆయన తల ఊపాడు. “అట్లనే అనుకున్న” అని, కూతురు మెట్లు దిగేటప్పుడు పట్టుకోవాలని బయటికి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి బోర్డు అంతా చదివేసిన పిల్లల్ని కూడా నేను వెంటనే పంపడం లేదు. ఏం ఆడతావు, ఎక్కడ ఓడిపోతున్నావు అని అడుగుతాను. తల్లిదండ్రులకు నచ్చదు. గవర్నమెంటు మేడమే గేములు నేర్పుతోందని ఒకాయన నా ముందే అన్నాడు. అననీ. పిల్లలు మాత్రం ఆపకుండా చెబుతారు, ఏ మలుపులో పడిపోయారో, బంతి ఎటు నుంచి వచ్చిందో, దేన్ని చూసుకోలేదో. నేను చివరిదాకా వింటాను.