చేపల మంద

ఐలేశం భుజాన గొంగడీ, చేతిలో కర్రా ఇప్పటికీ ఉన్నాయి, గొర్రెలే లేవు. కరువులో మంద పోయాక, ఊరివాళ్ళు వానలకు మళ్ళీ నిండిన కుంటలో చేపపిల్లలు వదిలి అతన్ని కాపలా పెట్టారు. వాటినీ మందలాగే చూసుకుంటాడు. పొద్దున్నే గట్టున నిలబడి నాలుకతో టుర్రుమనిపించి తవుడు చల్లుతాడు. నీళ్ళు కదిలితే మీసం దువ్వుకుంటాడు. వల వేసిన రోజు ఊరంతా గిన్నెలతో దిగింది. జొన్న గటకలోకి చింతపులుసు తప్ప మరోటి ఎరగక ఎన్నాళ్ళయిందో! అందరి కళ్ళూ పడ్డ పెద్ద బొచ్చె చేపను ఐలేశం రెండు చేతులా ఎత్తి, సూడి గొర్రెకు చూసినట్టు కడుపు తడిమి, మెల్లగా నీళ్ళలోకి వదిలేశాడు.

"సూడిదాన్ని ఎవలన్న కోస్తరా?" అన్నాడు.

చేపపిల్లలు తెచ్చిన ఆఫీసరు నవ్వాడు. ఆ జాతి పారే ఏట్లోనే గుడ్లు పెడుతుందనీ, కుంటలో పెట్టదనీ చెప్పాడు. గట్టంతా ఘొల్లున నవ్వింది. ఆ పూట ప్రతి ఇంటా చేపల పులుసు ఉడికింది. ఐలేశం వేళ్ళు నాకుతూ తిన్నాడు. తెల్లారి మళ్ళీ తవుడు తట్టతో బయల్దేరాడు. పెద్ద బొచ్చెను వదిలిన మూలన ఒక గుప్పెడు ఎక్కువే చల్లాడు.

"అది ఈనదని సారు చెప్పె గదా," అంది వెనకే వచ్చిన భార్య సోమమ్మ.

"ఈనకుంటేంది? ఆకలైతే అయితది గదా," అన్నాడు ఐలేశం.